ఫ్యాను కట్టేసే కొట్టు

విజయవాడ ఆటోనగర్‌లో ఎండాకాలం ఏ కొట్టుకు వెళ్లినా ముందు జరిగే మర్యాద ఒకటే. కుర్చీ జరిపి, ఫ్యాను మనవైపు తిప్పుతారు. మంచినీళ్లూ, పని సంగతీ ఆ తర్వాత. శౌరయ్య గారి కొట్లో మాత్రం కుర్చీ వేస్తారు, కుండలో నీళ్లు ముంచి ఇస్తారు, ఆపైన లేచి వెళ్లి అప్పటిదాకా తిరుగుతున్న ఫ్యాను కట్టేస్తారు.

నేను మొదటిసారి వెళ్లింది మా పాల క్యాను అడుగున అతుకు విడిపోయి కారుతుంటే బాగుచేయిద్దామని. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం, పైన రేకుల కప్పు. ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటీ కంటికి ఆనేంత నెమ్మదించి ఆగిపోయాయి. నాతోపాటు కూర్చున్న ఇంకో ఆయన, "కాసేపాగి వస్తానండీ" అని లేచి, రోడ్డవతల చెరుకు రసం బండి నీడకు వెళ్లిపోయాడు. నాకు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఎందుకు కట్టేశారండీ?" అన్నాను.

శౌరయ్య గారు మొహం మీదికి దించుకోబోతున్న నల్లద్దం తొడుగును మళ్లీ పైకెత్తారు.

"గాలి తగిల్తే గ్యాసు పోద్దండి."

"ఏం గ్యాసు?"

"ఆర్గాను," అని గోడవారన గొలుసుతో కట్టి నిలబెట్టిన పొడుగాటి సిలిండరు వైపు గడ్డం చూపించి, తొడుగు దించుకున్నారు.

పని అయ్యాక మిగతాది చెప్పారు. ఆ తర్వాత పనున్నా లేకపోయినా అటు వెళ్లినప్పుడల్లా ఆగుతుండేవాణ్ని. కొంచెం కొంచెంగా, మధ్యలో మంట వెలిగించి ఆర్పుతూ, ఆయన చెప్పుకొచ్చిన సంగతి ఇది.

శౌరయ్య గారిది గుడివాడ అవతల ఒక పల్లె. పొలం పనికి పోలేక, పదహారో ఏట బెజవాడ వచ్చి బస్సు బాడీలు కట్టే షెడ్డులో చేరారు. అక్కడ ఇనుము వెల్డింగు పట్టుబడింది. చాలా ఏళ్ల తర్వాత ఆర్గాన్ వెల్డింగు నేర్చుకుని, సొంతంగా ఈ కొట్టు పెట్టుకున్నారు. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే చక్రాల ఇరుసులు, డెయిరీ గొట్టాలు, హోటళ్ల ఇడ్లీ బాయిలర్లు, కల్యాణమండపాల గంగాళాలు, అన్నీ ఆయన దగ్గరికి వస్తాయి.

పని చూస్తే నిశ్శబ్దంగా ఉంటుంది. మామూలు వెల్డింగులోలా నిప్పురవ్వలు చిమ్మవు, చిటపటలు ఉండవు. చేతిలో టార్చి. దానికి పింగాణీ మూతి, మూతి నడుమ పెన్సిలు మొనలాంటి టంగ్‌స్టన్ ముక్క. ఆ మొనకూ స్టీలుకూ మధ్య ఊదారంగు మంట నిలబడుతుంది. పింగాణీ మూతిలోంచి ఆర్గాన్ వస్తూనే ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. చెవి దగ్గర పెట్టుకుంటే పాము బుసలా సన్నటి సవ్వడి మాత్రం వినిపిస్తుంది. కరిగిన స్టీలు మీద ఆ గ్యాసు పరుచుకుని, కోడి పిల్లల్ని రెక్కల కింద పెట్టుకున్నట్టు, గాలిలో ఉండే ఆక్సిజన్‌ను దగ్గరికి రానివ్వదు. వచ్చిందా, అతుకు నల్లగా కాలి, లోపల పొంగిన అట్టులా గుల్లబారిపోతుంది.

"మంట ఆపేసినా చెయ్యి తియ్యకూడదండి," అని ఒకసారి చూపించారు. మంట ఆరిపోయింది. అయినా టార్చి అక్కడే, అంతే ఎత్తున, కదలకుండా పట్టుకుని ఉన్నారు. గ్యాసు ఇంకా వస్తోంది. స్టీలు ఎరుపు తగ్గి, బంగారు రంగుకు తిరిగాక చెయ్యి తీశారు. "వేడి మీదున్నప్పుడు వదిలేస్తే అప్పుడు కూడా నల్లబడుద్ది."

ఆ కొట్లో రెండు కుర్చీలున్నాయి. ఒకదాని మీద ఆయన భార్య తెరేసమ్మ కూర్చునేది. రోజూ మధ్యాహ్నం కారేజీ తెచ్చి, చేతిలో పని అయ్యేదాకా ఆ ఉక్కలోనే కూర్చుని, చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ వీధిలో పోయేవాళ్ల గురించి ఏదో ఒకటి అంటూ ఉండేదట. పని ముగిశాక లేచి తనే ఫ్యాను వేసేది. పిల్లలు లేరు. కరోనా తర్వాతి ఏడాది ఆమె కిడ్నీల జబ్బుతో పోయింది.

రెండో కుర్చీ బసవపున్నయ్య గారిది.

బసవపున్నయ్య గారు వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేలు వ్యాపారి. అతుకులు సరిగా లేవని కొన్నవాళ్లు తిరగ్గొట్టిన బిందెలూ గిన్నెలూ శౌరయ్య గారి దగ్గరికి పంపేవారు. అలా మొదలైన పరిచయం. ఇల్లు పటమటలో కనక రాత్రి కొట్టు కట్టేసి స్కూటరు మీద పోతూ ఇక్కడ ఆగేవారు. అప్పటికి వెల్డింగు పని అయిపోయేది. ఫ్యాను తిరుగుతుండేది. పొట్లంలో మిరపకాయ బజ్జీలు మధ్యన పెట్టుకుని ఇద్దరూ కూర్చునేవారు.

"ఏం మాట్లాడుకునేవారండీ?" అని అడిగాను.

"ఏముంటదండీ. బ్యారేజీ గేట్లు ఎత్తారా లేదా. ఏ హోటల్లో చట్నీ పులిసింది. ఆయన కొడుకు మాట వినట్లేదని ఆయన. సిలిండరు వేళకి రాలేదని నేను. 'నీ గ్యాసు వ్యాపారం కంటే నా గరిటెల వ్యాపారం నయం శౌరీ, గరిటె ఎగిరిపోదు' అనేవాడు. రోజూ అదే జోకు. రోజూ నవ్వేవాళ్లం."

తెరేసమ్మ పోయాక నెల్లాళ్లూ బసవపున్నయ్య గారు తన ఇంటినుంచి రెండు కారేజీలు తెచ్చేవారు. ఒకటి శౌరయ్య గారికి, ఒకటి తనకు. ఇంట్లో తింటే ఈయన ఒక్కడూ తినడేమోనని తనూ ఇక్కడే తినేవారు. ఓదార్పు మాట ఒక్కటి కూడా అనలేదట. "పప్పులో ఉప్పు ఎక్కువైంది" అనేవారట, అంతే.

అలాంటి మనిషి రావడం మానేశారు.

ఒక వేసవిలో, మామిడి కోతల రోజుల్లో, బసవపున్నయ్య గారు మధ్యాహ్నంపూట కారులో వచ్చారు. పక్కన కొత్త వియ్యంకుడు రత్తయ్య గారు. మైలవరం వైపు పెద్ద మామిడి తోటల ఆసామి. తోటలో మందు కొట్టే స్టీలు డ్రమ్ము అతుకు విడిచింది. ఎక్కడెక్కడో తిప్పినా కారుతూనే ఉందట. "మా శౌరయ్య ఉన్నాడు, చేతిలో దేవుడున్నాడు" అని దారి పొడుగునా చెప్పి, బసవపున్నయ్య గారు వెంటబెట్టుకొచ్చారు. కూతురి పెళ్లయి మూడు నెలలు కాలేదు. వియ్యంకుడి ముందు మాట నిలబెట్టుకోవాలని ఆయన ఆరాటం. స్నేహితుడి మాట నిలబెట్టాలని ఈయన ఆరాటం.

శౌరయ్య గారు కుర్చీలు తుడిచి వేశారు. "రండి, కూర్చోండి" అని, ఎప్పుడూ నువ్వనే బసవపున్నయ్య గారిని కూడా ఆవేళ మీరన్నారు. నీళ్లిచ్చారు. డ్రమ్ము అటూ ఇటూ తిప్పి చూశారు. రేకు పల్చన, పాత అతుకు మీద ఎవరో నాసిగా పూసిన అతుకు. అదంతా అరగదీసి మళ్లీ వెయ్యాలి. తలలో ఇక ఆ అతుకు తప్ప ఏమీ లేదు. లేచి ఫ్యాను కట్టేశారు. తొడుగు దించుకున్నారు.

ఒక్క మాట అనలేదు.

నల్లద్దంలోంచి మంట తప్ప ఇంకేమీ కనిపించదు. వినిపిస్తుంది మాత్రం. కాసేపటికి రత్తయ్య గారు నవ్వడం వినిపించింది. "బావగారూ, మీ స్నేహితుడికి మనుషులంటే పడదేమో. కూర్చోబెట్టి మరీ గాలి కట్టేశాడు. మా ఊళ్లో అప్పులోళ్లని కూడా ఇట్టా పంపించం."

బసవపున్నయ్య గారు ఏమన్నారో వినపడలేదు. కుర్చీ కాళ్లు నేల మీద గీసుకున్న చప్పుడైంది. శౌరయ్య గారి చేతికింద అతుకు సగంలో ఉంది. ఆపితే ఆ జానెడూ గుల్ల. పూర్తిచేశారు. మంట ఆర్పారు. కారు తలుపు పడింది. అప్పటికీ చెయ్యి తియ్యలేదు, స్టీలు ఇంకా ఎర్రగానే ఉంది. బంగారు రంగు తిరిగాక టార్చి పక్కన పెట్టి తొడుగు ఎత్తితే, రెండు కుర్చీలూ ఖాళీ.

"అరవొచ్చుగదండీ తొడుగు లోపల్నుంచి?" అన్నాను.

"ఏమని?" అన్నారు శౌరయ్య గారు.

మర్నాడు బసవపున్నయ్య గారి గుమస్తా వచ్చి డ్రమ్ము పట్టుకెళ్లాడు. ఆ రాత్రి స్కూటరు రాలేదు. తర్వాత గిన్నెలు కూడా వేరే కొట్టుకు పోసాగాయి. శౌరయ్య గారు రోజూ ఆ వేళకు పని ముగించి, ఫ్యాను వేసి కూర్చునేవారు. తనంతట తను వెళ్లడానికి కాళ్లు రాలేదు. వెళ్తే ఏం చెప్పాలి? గాలికి గ్యాసు పోతుందని చెప్పాలి. ఎందుకు పోతుందంటే? ఏమో, పోతుంది, అంతే. వియ్యంకుడి ముందు జరిగిన అవమానానికి అది సాకులా ఉంటుందే తప్ప కారణంలా ఉండదు. తనలో తనే చెప్పుకుని చూస్తే తనకే ఆనలేదు. అలా ఒక వాన కాలం, ఇంకో ఎండ కాలం పోయాయి.

పక్క కొట్టు లేతు మిషను పవన్‌కుమార్‌ది. నోరు ఊరుకోని మనిషి. ఎవరైనా వచ్చి ఉక్కకు తాళలేక లేచి వెళ్తుంటే చూసి, "మీ కొట్లో గ్యాసుకున్న మర్యాద మనిషికి లేదు బాబాయ్" అనేవాడు. ఇంకోసారి, "నువ్వూ ఆర్గానే బాబాయ్. ఎవరితోనూ కలవ్వు. నిన్ను కూడా సిలిండర్లో పెట్టి అమ్మాలి" అన్నాడు.

శౌరయ్య గారు నవ్వి ఊరుకున్నారు. ఆ మాట మాత్రం లోపల ఉండిపోయింది.

ఈ సంవత్సరం బళ్లు తెరిచిన కొత్తలో దీవెన వచ్చింది. అదే పేటలో ఉంటుంది, ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు. ల్యాబులో బర్నరు కింద పెట్టే ముక్కాలి స్టాండు కాలు ఊడితే సంచిలో వేసుకొచ్చింది. ఫ్యాను కట్టేస్తే ఆ అమ్మాయి లేవలేదు. సిలిండరు దగ్గరికి వెళ్లి, దాని మీద రాసింది చదువుతూ నిలబడింది.

పని ముగిశాక శౌరయ్య గారు అడిగారు. ఇన్నేళ్లూ ఎవర్నీ అడగని మాట.

"అమ్మా, ఇది దేనితోనూ కలవదంటారు. ఎందుకు కలవదు?"

దీవెన కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"పెళ్లి భోజనాలకి వెళ్తారుగా అంకుల్. బంతిలో కుర్చీ ఖాళీగా ఉంటే ఏం చేస్తారు?"

"వెనకాల నిలబడ్డోళ్లని పిలుస్తారు."

"అదే. ఏ పదార్థమైనా చిన్న చిన్న పరమాణువులు కదా. ప్రతి పరమాణువు మధ్యలో ఒక గట్టి గింజ, దాని చుట్టూ వరసలు వరసలుగా ఎలక్ట్రాన్లు. లోపలి వరసలు మనకి అక్కర్లేదు, బేరాలన్నీ బయటి వరస దగ్గరే. అక్కడ ఎనిమిది కుర్చీలనుకోండి. ఆక్సిజన్‌కి ఆరే నిండాయి, రెండు ఖాళీ. ఆ రెండూ నింపుకోవాలని కనిపించినవాళ్లందరి చెయ్యీ పట్టుకుని లాగుద్ది. మీ స్టీల్లో ఇనుము ఉంది, క్రోమియం ఉంది. వాటి దగ్గర ఇవ్వడానికి ఎలక్ట్రాన్లు ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు నెమ్మది, కరిగి ఉంటే చటుక్కున కలిసిపోతాయి. అదే మీరనే నలుపు."

"మరి ఇది?"

"ఆర్గాన్‌కి ఎనిమిదికి ఎనిమిదీ నిండాయి. ఖాళీ కుర్చీ లేదు, లేచి వెళ్లేవాళ్లూ లేరు. ఎవరి దగ్గరా తీసుకునే అవసరం లేదు, ఎవరికీ ఇవ్వదు, ఎవరితోనూ పొత్తు పెట్టుకోదు. నియాను కూడా అంతే. హీలియానికి ఇల్లు చిన్నది, రెండే కుర్చీలు. ఆ రెండూ నిండాయి."

శౌరయ్య గారు ఆలోచించారు. "మరి మంటలో వెలుగుద్ది గదమ్మా, ఊదాగా. ఏమీ పట్టనిది వెలగడమేంటి?"

"బాగా అడిగారే," అంది దీవెన. "అంత వేడిలో, అంత కరెంటులో దాని ఎలక్ట్రాను కూడా ఊడిపోద్ది అంకుల్. ఊడగొట్టడానికే బోలెడు బలం కావాలి. మళ్లీ ఒకటి దొరికి కుర్చీ నిండేటప్పుడు ఆ వెలుగు. అంత గొడవలో కూడా మీ స్టీలుతో కాపురం పెట్టదు. పైకి పోయి మళ్లీ మామూలు ఆర్గానే."

"పైకి పోయి?"

"గాల్లోకి. అసలు తెచ్చిందే గాల్లోంచి. మనం పీల్చే గాల్లో నూటికి ఒక పాలు అదే ఉంటది. గాలిని బాగా చల్లబరిచి, నీళ్లలా చేసి, అందులోంచి విడదీసి సిలిండర్లో పెడతారు. మీరు వాడాక మళ్లీ గాల్లో కలిసిపోద్ది."

"అంటే నేను రోజూ పీలుస్తున్నానా?"

"పీల్చి వదిలేస్తున్నారు. లోపలికెంత పోయిందో బయటికంత వస్తది. ఒంట్లో దేన్నీ పట్టుకోదు."

శౌరయ్య గారు ఊపిరి పీల్చి వదిలి చూసుకున్నారట. చెబుతూ నా ముందు కూడా ఒకసారి పీల్చి చూపించి నవ్వారు.

"మొత్తానికి ఎప్పటికీ కలవదా ఆ జాతి?" అని అడిగారు దీవెనని.

"అలాగని కాదు. అదే కుటుంబంలో జెనాన్ అని పెద్దది ఉంది. దాని బయటి వరస మధ్య గింజకి దూరంగా ఉంటది, అందుకని పట్టు తక్కువ. ఫ్లోరిన్‌లాంటి మొండిది వచ్చి పట్టుకుంటే కలిసింది. ఆర్గాన్ అలా లొంగేది కాదు. మన ఆటోనగర్ ఎండకి అసలు లొంగదు."

అప్పుడు శౌరయ్య గారికి ఫ్యాను సంగతి తట్టింది. "దేన్నీ పట్టుకోదు కాబట్టేనా, గాలి విసిరితే పోయేది?"

"అంతేగా. అది స్టీలుకి అతుక్కుని కాపాడట్లేదు. ఊరికే అక్కడ ఉంటోంది, అంతే. మీరు పోస్తున్నంతసేపు ఉంటది. విసిరితే పక్కకి పోద్ది. ఆగండి, చూపిస్తా."

స్టీలు గిన్నె ఒకటి తీసుకుని టార్చిలోంచి అందులోకి ఆర్గాన్ వదలమంది. కళ్లకు గిన్నె ఖాళీగానే ఉంది. కొవ్వొత్తి ముక్క వెలిగించి, తీగకు గుచ్చి నెమ్మదిగా గిన్నెలోకి దించితే, ఎవరో చిటికేసినట్టు ఆరిపోయింది. గాలికంటే బరువు కాబట్టి గిన్నెలో నిలిచిందట. మళ్లీ నింపి, ఈసారి గిన్నె మీదికి ఫ్యాను తిప్పింది. ఫ్యాను ఆపాక కొవ్వొత్తి దించితే వెలుగుతూనే ఉంది.

"పోయింది," అంది దీవెన.

శౌరయ్య గారు ఆ గిన్నెలోకి వంగి చూశారు. తర్వాత అన్నారు, "పవన్ అన్నది నిజమేనమ్మా. నేనూ ఈ బాపతే."

దీవెన ముక్కాలి స్టాండు సంచిలో పెట్టుకుంటూ అంది: "ఆర్గాన్‌కి ఖాళీ కుర్చీ లేదంకుల్. మీ కొట్లో రెండున్నాయి."

ఆ అమ్మాయి వెళ్లిపోయింది. శౌరయ్య గారు మర్నాడు మధ్యాహ్నమే షట్టరు దించి, ఉతికిన చొక్కా తొడుక్కుని సిటీ బస్సెక్కారు. చేతిలో ఇప్పుడు కారణం ఉంది. ఎనిమిది దగ్గర మొదలుపెట్టి ఫ్యాను దాకా దారి ఉంది. బస్సులో ఆ వరసంతా మనసులో ఒప్పజెప్పుకుంటూ వెళ్లారు.

వన్ టౌన్ సందులో తోపుడు బండ్లు అడ్డం. స్టీలు బిందెల దొంతరల మధ్య దారి చేసుకుంటూ లోపలికి వెళ్తే గల్లా దగ్గర బసవపున్నయ్య గారి కొడుకు. లోపల చివర్న, చేతుల కుర్చీలో బసవపున్నయ్య గారు. మనిషి సగమయ్యారు.

"నేను... శౌరయ్యని."

"తెలుసు. కళ్లింకా పోలా. కూర్చో."

"బాగున్నారా?"

"మీరేంటి మీరు? నా వెనకాల ఎవరన్నా నిలబడ్డారా?"

శౌరయ్య గారు ముక్కాలి పీట మీద కూర్చున్నారు. గొంతు సవరించుకున్నారు. "అది కాదు పున్నయ్యా. ఆర్గాన్‌కి బయటి వరసలో ఎనిమిది ఎలక్ట్రాన్లుంటాయి."

బసవపున్నయ్య గారు కొడుకు వంక చూశారు. మళ్లీ ఈయన వంక చూశారు. "ఉంటే?"

"అన్నీ నిండాయి. ఖాళీ లేదు. అందుకని అది దేన్నీ పట్టుకోదు. పట్టుకోదు కాబట్టి గాలికి పోద్ది. పోతే అతుకు గుల్లయిపోద్ది. అందుకని..."

"ఫ్యాను కట్టేశావు."

"ఆ."

"ఇది చెప్పడానికొచ్చావా, ఇన్నాళ్లకి?"

"ఇన్నాళ్లూ నాకే తెలీదు."

"ఎనిమిది సంగతి తెలీదుగానీ ఫ్యాను సంగతి నాకు ఆ వారంలోనే తెలిసిందయ్యా. మా గుమస్తా డ్రమ్ము కోసం వచ్చినప్పుడు మీ పక్క కొట్టోడు చెప్పాడు. రత్తయ్య బావకి కూడా చెప్పా. ఆయన డ్రమ్ము ఇప్పటికీ చుక్క కారట్లేదంట, కనపడ్డప్పుడల్లా నీ పేరే చెప్తాడు."

బస్సులో ఒప్పజెప్పుకున్నదంతా ఒక్కసారిగా పనికిరాకుండా పోయింది. "మరి... తెలిసీ..."

"ఫ్యాను కట్టేసినందుక్కాదు. కట్టేస్తే కట్టేశావు. 'రత్తయ్య గారూ, కాసేపు ఉక్కపోస్తది, పని అట్టాంటిది' అని ఒక్క ముక్కంటే నీ గ్యాసు ఎగిరిపోద్దా? సరే, అదీ పోనీ. తెల్లారి వస్తావనుకున్నా. ఆదివారం చర్చి అయ్యాక వస్తావనుకున్నా. నువ్వు రాలా. వీడికి మనం అక్కర్లేదులే అనుకున్నా."

"నువ్వొస్తావేమోనని నేను రోజూ..."

"నేనెందుకొస్తా? తలకాయ కొట్టేసినట్టయింది నాకు. రావాల్సినోడివి నువ్వు."

గల్లా దగ్గర ఎవరో పళ్లాలు మోగించి బేరమాడుతున్నారు. ఆ చప్పుడుకు బసవపున్నయ్య గారు అటు తిరిగారు. అప్పుడు కనిపించింది శౌరయ్య గారికి, పల్చటి చొక్కా కింద, ఎడమ భుజం దిగువన, అగ్గిపెట్టెంత ఉబ్బు.

"ఏంటది?"

"గుండెకి బ్యాటరీ. నిరుడు పెట్టారు. దానంతటది కొట్టుకోవడం మర్చిపోతోందంట, ఇది గుర్తుచేస్తది. సెల్లు కూడా ఈ పక్క జేబులో పెట్టుకోవద్దన్నారు."

"నాకు చెప్పలేదే?"

"నువ్వడిగావా?"

శౌరయ్య గారు తల దించుకున్నారు. తర్వాత అన్నారు: "ఇంకెప్పుడన్నా రాత్రిపూట అటు వస్తే..."

"రాకూడదు. వెల్డింగు మిషను దగ్గరికి అసలు పోవద్దంట. ఆ కరెంటుకి ఇది తికమక పడుద్దంట." బసవపున్నయ్య గారు ఉబ్బు మీద చెయ్యి వేసుకున్నారు. "డాక్టరు చెప్పిన జాగ్రత్తల్లో వెల్డింగు మాట లేదు. నేనే అడిగా."

ఆ చివరి మాట శౌరయ్య గారు నాకు రెండుసార్లు చెప్పారు. మొదటిసారి మామూలుగా చెప్పారు. రెండోసారి, "అంటే చూడండి, అడిగాడు" అన్నారు.

అప్పట్నుంచి శౌరయ్య గారే వెళ్తున్నారు. సాయంత్రం ఎండ వాలకముందే షట్టరు దించేస్తారు. "బాబాయ్ డ్యూటీకి టైమైంది" అంటాడు పవన్‌కుమార్. సాయంత్రంపూట వచ్చే గిరాకీ కొంత పోయింది.

వెళ్తే అంతా పాతలాగా ఉంటుందనుకున్నారట. లేదు. అది కొడుకు కొట్టు, చుట్టూ కొనేవాళ్లు. బజ్జీలు డాక్టరు వద్దన్నారు. బ్యారేజీ గేట్ల మాట రెండు నిమిషాల్లో అయిపోతుంది. గుండె గురించి ఈయన ఎక్కువ అడగరు. ఆటోనగర్ కబుర్లు ఆయన అడగరు, అడిగితే రావాలనిపిస్తుందేమో. పాత జోకు ఒకసారి ఈయనే గుర్తుచేస్తే, "గరిటెలు కూడా ఎగిరిపోతున్నాయిలే, అందరూ ఫోన్లో కొంటున్నారు" అన్నారట ఆయన. ఇద్దరూ నవ్వలేదు. చాలా సాయంత్రాలు ఊరికే కూర్చుని, సందులో బండ్లు పోవడం చూసి, "మరి వస్తా" అని లేచి రావడమే.

"అయినా వెళ్తున్నారు," అన్నాను.

"వెళ్లకపోతే ఏం చేస్తానండీ," అన్నారు.

పోయిన వారం ఒక రోజు వెళ్తే కుర్చీ ఖాళీగా ఉంది. "నాన్న ఇబ్రహీంపట్నం వెళ్లారండీ, చెల్లాయి వాళ్లింటికి. రేపొస్తారు," అన్నాడు కొడుకు. టీ తెప్పించాడు. శౌరయ్య గారు తాగారు. బస్సు పట్టుకుని వచ్చెయ్యొచ్చు. రాలేదు. ఆ ఖాళీ కుర్చీకి ఎదురుగా పీట మీద అలా కూర్చున్నారు. కొడుకు లైట్లు వేశాడు, లెక్క చూసుకున్నాడు, షట్టరు సగం దించాడు. అప్పుడు లేచారు.

మర్నాడు వెళ్లేసరికి బసవపున్నయ్య గారు కుర్చీలో కాచుకుని ఉన్నారు.

"నిన్నొచ్చావంట."

"వచ్చా."

"నేను లేనని చెప్పాక కూడా కూర్చున్నావంట."

"టీ తెప్పించాడు మీవాడు. తాగేదాకా..."

"కొట్టు కట్టేసేదాకా తాగావా టీ? అది టీ గ్లాసా, గంగాళమా? ఏం చేశావయ్యా అంతసేపు?"

"ఏం లేదు. కూర్చున్నా."

బసవపున్నయ్య గారు సందువైపు మొహం తిప్పుకున్నారట. తర్వాత, కోపంగానే అన్నారట:

"ఈసారినుంచి వస్తున్నానని ముందు చెప్పు."

"చెప్తే ఏం చేస్తావు?"

"ఎక్కడికీ వెళ్లకుండా ఉంటా."

దానికి మీరేమన్నారని అడిగాను.

"ఏమంటామండీ," అన్నారు శౌరయ్య గారు, టార్చి కొక్కేనికి తగిలిస్తూ. "పొద్దున్నే ఫోను చేసి చెప్పా, ఇవాళ వస్తున్నానని."